అతుకు పడ్డ గిటార్, తగ్గించిన ధర: కొనాలా వద్దా (ప్రాజెక్టు డైరీ)

వస్తువు, ధర, ఊరు

సాలిడ్ స్ప్రూస్ టాప్ (అసలు చెక్క పైపలక), మహాగనీ నెక్, లామినేట్ (పొరలు అంటించిన చెక్క) బ్యాక్, లామినేట్ సైడ్లు ఉన్న డ్రెడ్‌నాట్ (పెద్ద పెట్టె ఉన్న అకూస్టిక్ గిటార్). కొత్తది 24,000 రూపాయలు. దీనికి షాపు చెబుతున్న ధర 15,500. ఎందుకు తగ్గించారో దాచలేదు. మెత్తటి బ్యాగులో ఉండగా వెల్లకిలా పడి హెడ్‌స్టాక్ (తీగలు బిగించే చెవులుండే నెక్ కొస) విరిగితే అతికించారు. బ్రిడ్జ్ (టాప్ మీద తీగల కొసలను పట్టి ఉంచే చెక్క) కూడా ఒకసారి లేచిపోతే మళ్లీ అంటించారు. ఊరు విశాఖపట్నం, నెల జూలై. ఊరూ నెలా ఎందుకు రాశామంటే, ఈ బేరంలో సగం సమస్య వాటి వల్లే వచ్చింది.

రిపేరైన గిటార్ అనగానే అందరి కళ్లూ అతుకు మీదే ఉంటాయి. మా లెక్కలో అతుకు రెండోది. మొదట చూడాల్సింది నెక్ కోణం, దాంతోపాటు శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ) ఇంకా ఎంత ఎత్తు మిగిలి ఉందన్నది. అతుకు బాగుంటే గిటార్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. శాడిల్ అరిగి అడుగంటితే మాత్రం నెక్ విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి, ఈ ధర గిటార్‌కు ఆ ఖర్చు గిట్టదు.

సంచిలో పెట్టుకున్న సామాను

450 మి.మీ. స్టీల్ స్కేలు (అంచు నిటారుగా ఉందో లేదో అద్దం మీద పెట్టి చూసినది), 0.5 మి.మీ. గీతలున్న చిన్న స్కేలు, వెర్నియర్ కాలిపర్, కేపో (ఫ్రెట్, అంటే నెక్ మీది అడ్డ కడ్డీ, దగ్గర తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు), ట్యూనర్. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్టింగుకు వాడే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు), ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతుంది. దొంగ నోట్లు పట్టే యూవీ టార్చ్ ఒకటి. పళ్ల డాక్టరు వాడే రకం చిన్న అద్దం. పలచటి కాగితం ముక్కలు. ఫోన్ ఎలాగూ ఉంటుంది. ఇంకా ఒక తేమ మీటర్. చవక మీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి ముందురోజే ఉప్పు పరీక్ష చేశాం. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో మూసి రాత్రంతా ఉంచాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మా మీటర్ 71 చూపించింది, అంటే ఇకపై ఏ అంకె వచ్చినా దానికి 4 కలుపుకోవాలి. కింద రాసిన అంకెలన్నీ కలిపాక వచ్చినవే.

షాపులో: తీగలు బిగించి ఉండగానే

తీగలు వదులు చేసి ఇచ్చిన గిటార్‌ను కొలవడం దండగ. ముందు మామూలు శృతికి తెచ్చి పావుగంట ఆగాలి. 12-53 సెట్ (సన్న తీగ 0.012, లావు తీగ 0.053 అంగుళాల మందం) మామూలు శృతిలో నెక్‌నూ బ్రిడ్జ్‌నూ సుమారు 74 కిలోల బలంతో లాగుతుంది. దాచిన లోపం ఏదైనా ఆ లాగుడులోనే బయటపడుతుంది.

గాలిలో తేమ 79 శాతం. 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ (ఫ్రెట్ మీద తీగ ఎత్తు) లావు ఇ తీగకు 3.4 మి.మీ., సన్న ఇ తీగకు 2.7. వేళ్లు నొప్పెట్టే ఎత్తు ఇది. మనకు కావాల్సింది 2.4, 1.9 చుట్టుపక్కల. కేపో మొదటి ఫ్రెట్‌కు బిగించి, లావు తీగను 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి, 7వ ఫ్రెట్ మీద ఫీలర్ గేజ్ పెడితే 0.30 పట్టింది. నెక్ వంపు కొంచెం ఎక్కువే, కానీ యాక్షన్ ఇంత పెరగడానికి అదొక్కటే చాలదు.

అసలు కొలత ఇప్పుడు. పొడవు స్కేలును ఫ్రెట్ల మధ్యలో, మూడో తీగకూ నాలుగో తీగకూ నడుమ పడుకోబెట్టి, కొసను బ్రిడ్జ్ దాకా జరపాలి. కొస బ్రిడ్జ్ చెక్క పైఅంచును రాసుకుంటూ పోవాలి, లేదా ఒక వెంట్రుకవాసి పైన ఉండాలి. చూడాల్సింది శాడిల్‌ను కాదు, చెక్కను. ఇక్కడ కొస బ్రిడ్జ్ పైఅంచుకు 1.6 మి.మీ. కిందికి వచ్చి తగిలింది. మామూలుగా 1.5 దాటితే నెక్ రీసెట్ (నెక్ విప్పి కోణం సరిచేసి మళ్లీ కూర్చోబెట్టడం) కావాలనే అంటాం. శాడిల్ లావు తీగ వైపు చెక్క పైన 2.6 మి.మీ. కనిపిస్తోంది.

12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. దించాలంటే శాడిల్‌లో 2 మి.మీ. తీయాలి. 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉండడమే దీనికి కారణం. 3.4ను 2.4కు తేవాలంటే 2 మి.మీ. పోవాలి, 2.6లో మిగిలేది 0.6. అంత పొట్టి శాడిల్ మీద తీగ దాదాపు వంపు లేకుండా బ్రిడ్జ్ పిన్ రంధ్రంలోకి జారిపోతుంది, శబ్దం చస్తుంది. ఈ అంకెలనే నమ్మితే గిటార్‌ను అక్కడే వదిలేసి రావాలి.

నమ్మకపోవడానికి కారణం ఆ 79 శాతం. చెక్క గ్రెయిన్‌కు (పోగుల దిశకు) అడ్డంగా ఉబ్బుతుంది, నిలువున దాదాపు కదలదు. తేమ 50 నుంచి 80 శాతానికి పెరిగి చాలా రోజులు అలాగే ఉంటే స్ప్రూస్ చెక్కలోని నీటి శాతం సుమారు 9 నుంచి 15 దాకా పోతుంది. 400 మి.మీ. వెడల్పున్న టాప్ అడ్డం లేకుండా పరుచుకోగలిగితే 3 మి.మీ. పైనే పెరగాలి. కానీ లోపల అడ్డంగా బ్రేసులు (బలం కోసం వేసే చెక్క బద్దలు) అంటించి ఉన్నాయి, చుట్టూ సైడ్లు పట్టుకుని ఉన్నాయి. పక్కకు పోయే దారి లేక టాప్ పైకి ఉబ్బుతుంది, బ్రిడ్జ్‌నూ తనతో పైకి లేపుతుంది. అప్పుడు నెక్ కోణం తప్పినట్టే కనిపిస్తుంది. బ్రిడ్జ్ వెనక అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే పొట్ట స్పష్టంగా తెలిసింది. కొద్దిపాటి పొట్ట కొత్త గిటార్‌కూ ఉంటుంది, కావాలనే అలా చేస్తారు. ఇది దానికంటే ఎక్కువ.

కాబట్టి తేలాల్సింది ఒక్కటే: ఈ 1.6లో వానాకాలం వాటా ఎంత, నెక్ వాటా ఎంత?

హెడ్‌స్టాక్

హెడ్‌స్టాక్ వెనక్కి వంగిన గిటార్లన్నిటికీ నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) వెనక చోటే బలహీనం. ఒకే చెక్కలో కోసిన నెక్ అక్కడికి వచ్చేసరికి గ్రెయిన్ అడ్డంగా తెగి పొట్టి పోగులు మిగులుతాయి. చాలా గిబ్సన్లలో వంపు 17 డిగ్రీలు, పైగా ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) బిగించే నట్ కోసం సరిగ్గా అక్కడే గొయ్యి తవ్వుతారు. అందుకే అవి అలా విరగడంలో పేరు మోశాయి. ఫెండర్ ఎలక్ట్రిక్‌లలో హెడ్‌స్టాక్ వెనక్కి వంగదు, ఈ గొడవ చాలా తక్కువ. మన గిటార్‌కు ట్రస్ రాడ్ నట్ సౌండ్‌హోల్ వైపు ఉంది. విరిగిన చోట గొయ్యి లేదు, జిగురు అంటుకోవడానికి నిండు చెక్క దొరికింది. ఇది పెద్ద అనుకూలం.

విరుగు ఏ రకమో చూడాలి. నట్ కింద మొదలై హెడ్‌స్టాక్ వెనక వైపుకు ఏటవాలుగా 60 మి.మీ. దాకా సాగింది. పొడవైన ఏటవాలు విరుగు అంటే జిగురుకు ఎక్కువ వైశాల్యం. 15 మి.మీ.లో అడ్డంగా పుటుక్కున విరిగినవాటికి జిగురు ఒక్కటే ఆగదు. వెనక గాడి తీసి కొత్త చెక్క బద్దలు దింపాలి, లేదంటే వెనకంతా పలచటి చెక్క పొర వేయాలి. మర కొట్టి బిగించినవీ దొరుకుతాయి, వాటి జోలికి పోకూడదు. మర చుట్టూ చెక్క మళ్లీ చీలుతుంది, తర్వాత బాగుచేసేవాడికి పని రెట్టింపవుతుంది.

యూవీ టార్చ్ వేస్తే పాత ఫినిష్ (పైపూత), కొత్త ఫినిష్ ఒకేలా వెలగవు. ఇక్కడ తేడా అతుకు గీత చుట్టూ 90 మి.మీ. మేరకే ఉంది, నెక్ మధ్యదాకా పాకలేదు. అంటే నెక్ మీద దాచినది ఇంకేమీ లేదు. నెక్ వెనక అకారణంగా నల్లరంగు పులిమి ఉంటే మాత్రం అనుమానించాలి. గీతకు అడ్డంగా గోరు లాగితే ఎక్కడా తగల్లేదు.

జిగురు ఏదని అడిగాం. పసుపు రంగు వడ్రంగి జిగురు, క్లాంపులు వేసి ఒక రోజు ఉంచామన్నారు. అది సరైనదే. తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ తరహా పీవీఏ, బల్లలకూ కుర్చీలకూ బాగుంటుంది. ఎడతెగని లాగుడు కింద మాత్రం అది మెల్లగా సాగుతుంది. కొన్ని నెలల తర్వాత చూస్తే అతుకు ఊడదు, జరిగి ఉంటుంది. ఫెవిక్విక్ రకం జిగురుతో ఒకసారి అతికించి ఊడినదైతే ఇంకా కష్టం. చెక్క పోగుల్లో ఇంకిపోయిన ఆ పొర మీద కొత్త జిగురు పట్టదు.

మాట నిజమో కాదో తేలాలంటే కదలిక కొలవాలి. ఫినిష్‌కు హాని చేయని పెయింటర్ టేపు ముక్కలు రెండు గీతకు అటొకటి ఇటొకటి అంటించి, సన్న పెన్సిల్‌తో చెరో చుక్క పెట్టి, వాటి మధ్య దూరం కాలిపర్‌తో చూశాం: 20.05 మి.మీ. గోడ పగులు పెరుగుతోందో లేదో ఇంజనీర్లు చూసే పద్ధతే.

"అతుకు కదలదు సార్, రాసిమ్మంటే రాసిస్తా," అన్నాడు షాపాయన.

"రాసిద్దురుగాని అన్నా. ముందు గిటార్‌ను కొన్నాళ్లు శృతిలోనే ఉంచండి, మళ్లీ వచ్చి కొలుస్తాం."

బ్రిడ్జ్

మళ్లీ అంటించిన బ్రిడ్జ్‌లో రెండు తప్పులు దొర్లుతుంటాయి. ఒకటి, పాత ఫినిష్ పూర్తిగా గీకకుండా దానిమీదే అంటించడం. పలచటి కాగితాన్ని చుట్టూ దూర్చి చూడాలి. అంచు దగ్గర 1 మి.మీ. లోపలికి పోతే ఫర్వాలేదు, చాలా ఫ్యాక్టరీలు అంత అంచు వదులుతాయి. వెనక అంచున 3 మి.మీ. దాకా పోతే లేస్తున్నట్టే. ఇక్కడ ఎక్కడా 1 దాటలేదు.

రెండో తప్పు కంటికి కనపడదు. బ్రిడ్జ్ ఒక మిల్లీమీటరు జరిగి అంటుకుంటే ఇక జన్మలో శృతి కుదరదు. నట్ నుంచి 12వ ఫ్రెట్ మధ్యకు 325 మి.మీ., రెట్టింపు 650. శాడిల్ దీనికంటే సన్న తీగ దగ్గర 2 మి.మీ., లావు తీగ దగ్గర 4 నుంచి 5 మి.మీ. వెనక ఉండాలి. కొలిస్తే 652, 654.5. చెవికీ అదే తేలింది: 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్ మీద కలిశాయి. ఒక్క లావు తీగ 3 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) ఎక్కువ పలికింది. యాక్షన్ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగుతుంది కనుక అది సహజమే.

లోపల

ఫోన్ వీడియో ఆన్ చేసి, ఫ్లాష్ వేసి, తీగలు వదులు చేసి సౌండ్‌హోల్ లోంచి దించితే అద్దం కంటే బాగా కనిపిస్తుంది. బ్రిడ్జ్ ప్లేట్ (బ్రిడ్జ్ కింద లోపల ఉండే చెక్క పలక) మీద పిన్ రంధ్రాలు కొంచెం అరిగాయి, తీగల గుండ్లు ఇంకా చెక్కకే ఆనుతున్నాయి. రంధ్రం నుంచి రంధ్రానికి పగులు లేదు. టాప్ మీద ఫ్రెట్‌బోర్డ్ పక్కన, పిక్‌గార్డ్ అంచున పగుళ్లు రావడం మామూలు. ఇక్కడ లేవు. ఉంటే లోపల అడ్డం గ్రెయిన్‌తో చిన్న స్ప్రూస్ బిళ్లలు వేశారో లేదో చూడాలి. బిళ్ల లేకుండా జిగురు మాత్రమే పూసిన పగులు ఎండాకాలంలో మళ్లీ తెరుచుకుంటుంది.

షాపువాళ్లు చెప్పనిది ఒకటి దొరికింది. ఎక్స్ ఆకారపు ప్రధాన బ్రేస్‌కు దిగువన ఉండే టోన్ బార్ అనే చిన్న బ్రేస్ ఒకటి కొసన ఊడింది. టాప్‌ను వేలి కణుపుతో కొడుతూ పోతే ఆ చోట ఒక్కచోటే గరగర వినిపించింది. 0.10 ఫీలర్ రేకు 25 మి.మీ. లోపలికి దూరింది. 10 మి.మీ. లోపైతే వదిలేయొచ్చు. ఇది వదిలేసేది కాదు, భయపడేదీ కాదు. బేరానికి పనికొస్తుంది.

ఆరబెట్టడం

తిరిగిచ్చే షరతు మీద 1,000 అడ్వాన్స్ కట్టి, షాపులో కీబోర్డులు పెట్టే ఏసీ గదిలో గిటార్‌ను హార్డ్ కేసులో ఉంచాం. కేసులో సిలికా జెల్ 50 గ్రాముల సంచులు 4.

సిలికా వేసి మూసేస్తే చాలనుకుంటారు చాలామంది. లెక్క వేస్తే తేలిపోతుంది. గిటార్ బరువు సుమారు 2 కిలోలు. అందులో 5 శాతం నీళ్లు దిగాలంటే 100 గ్రాముల దాకా పోవాలి. 200 గ్రాముల సిలికా 50 శాతం తేమ దగ్గర పీల్చేది మహా అయితే 50 గ్రాములు. కాబట్టి పనిలో సగం ఏసీ గదే చేయాలి. పగటిపూట మూత తెరిచి, రాత్రి ఏసీ ఆపేటప్పుడు సిలికాతో మూసి ఉంచాలి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకు తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తొందరపడి అరకిలో సిలికా వేయకూడదు. కేసులో తేమ 40 కంటే కిందికి పడితే టాప్ పైపైన వేగంగా ఆరి పగులుతుంది. కొనకముందే కొత్త పగులు తెచ్చుకోవడం అన్నమాట.

మీటర్ మొదట 66 చూపించి, తర్వాత మెల్లగా దిగి 51 దగ్గర ఆగింది. అంకె ఆగిన రోజే కొలవకూడదు. మీటర్ చూపేది గాలిలో తేమ, చెక్క దానికంటే వెనకబడి ఉంటుంది, ఫినిష్ ఉన్న వైపు మరీ నెమ్మది. వారం దాటేదాకా ఆగాం.

రెండోసారి కొలత

స్కేలు కొస ఇప్పుడు బ్రిడ్జ్ పైఅంచుకు 0.7 మి.మీ. కింద తగిలింది. 1.6లో 0.9 వానాకాలానిదే. యాక్షన్ 2.9, 2.3కు దిగింది. బ్రిడ్జ్ దిగినదానికి సగం యాక్షన్‌లో తగ్గాలి, తగ్గింది. నెక్ వంపు 0.25. ట్రస్ రాడ్ నట్‌ను అలెన్ కీతో పావు తిప్పు బిగిస్తే 0.15కు వచ్చింది, మొరాయించకుండా తిరిగింది. ఇప్పటికే చివరిదాకా బిగించేసిన రాడ్ అయితే ఈ పావు తిప్పులోనే తెలిసిపోయేది. యాక్షన్ 2.8, 2.2.

హెడ్‌స్టాక్ చుక్కల మధ్య దూరం 20.05. కదలలేదు.

ఇక శాడిల్: లావు తీగ వైపు 0.4 దించాలంటే 0.8 తీయాలి, 2.6లో 1.8 మిగులుతుంది. మేము పెట్టుకున్న హద్దు 1.5. దానికి తక్కువైతే ఎంత తగ్గించినా వద్దనుకున్నాం. మిగిలినది గొప్ప నిల్వ కాదు, అయినా కొన్నేళ్ల పాటు సరిపోతుంది. తేమను అదుపులో పెట్టకపోతే ప్రతి వానాకాలం యాక్షన్ మళ్లీ అర మిల్లీమీటరు దాకా పెరుగుతుందన్నది వేరే సంగతి.

బేరం

కొత్తదాని ధరతో పోల్చడమే షాపువాళ్ల ఎత్తు. 24,000 ఎక్కడ, 15,500 ఎక్కడ అనిపిస్తుంది. పోల్చాల్సింది విరగని సెకండ్ హ్యాండ్‌తో. ఇదే మోడల్ శుభ్రమైనది 16,500కు దొరుకుతోంది. హెడ్‌స్టాక్ అతుకు పడ్డ గిటార్, ఎంత బాగా అతికించినా, తిరిగి అమ్మేటప్పుడు మూడో వంతు నుంచి సగం దాకా పోగొట్టుకుంటుంది. అంటే దీని నిజమైన విలువ 8,250 నుంచి 11,000 మధ్య. దీంట్లోంచి మన ఖర్చులు తీసేయాలి: తీగలు 800, బోన్ శాడిల్ ముక్క 300, టోన్ బార్ అతికించే పని 700. మొత్తం 1,800. మనకు గిట్టే గరిష్ఠ ధర 9,200.

మేము 8,500 అన్నాం, వాళ్లు 12,000కు దిగారు. టోన్ బార్ వీడియో చూపించాక 10,000 అన్నారు. చివరికి 9,500 దగ్గర కుదిరింది, టోన్ బార్ వాళ్లే అతికించి ఇవ్వాలి. ఆ 700 వాళ్ల వైపు పోయింది కాబట్టి మన హద్దు 9,900కు పెరిగింది, లెక్క సరిపోయింది. బిల్లు మీద రెండు వాక్యాలు రాయించాం: హెడ్‌స్టాక్ అతుకు, బ్రిడ్జ్ అతుకు, టోన్ బార్ ఈ మూడింటికీ ఏడాది పూచీ, 12-53 కంటే లావు తీగలు వేస్తే పూచీ వర్తించదు. రెండో వాక్యం వాళ్లు అడిగింది, న్యాయమే.

టోన్ బార్ పని మా ఎదురుగానే జరిగింది. పసుపు జిగురును పలచటి ప్లాస్టిక్ రేకుతో సందులోకి నెట్టి, వేలితో పైనుంచి టాప్‌ను నాలుగైదు సార్లు అదిమి వదిలారు. అలా చేస్తే జిగురు లోపలిదాకా లాగబడుతుంది. కింద బ్యాక్ మీద చెక్క ముక్క ఆనించి, చిన్న మర జాకీతో బ్రేస్‌ను పైకి ఎత్తారు. గట్టిగా ఎత్తితే టాప్ మీద గుబ్బ లేస్తుంది, సందు మూసుకుని జిగురు పూసల్లా బయటికి రాగానే ఆపేయాలి. తడిగుడ్డతో తుడిచి, గంట తర్వాత జాకీ తీసి, ఒక రోజంతా తీగలు బిగించకుండా ఉంచారు. తట్టి చూస్తే గరగర పోయింది.

ఇంటికొచ్చాక

తీగలు 12-53 కాకుండా 11-52 వేశాం, లాగుడు కొన్ని కిలోలు తగ్గుతుంది. కొత్త బోన్ శాడిల్‌ను పైనుంచి అరగదీయకూడదు, వంపు పోతుంది. అడుగునే 240 నంబరు ఉప్పుకాగితాన్ని అద్దం మీద పరిచి అరగదీయాలి. లావు తీగ వైపు 0.8, సన్న తీగ వైపు 0.6 తీయాల్సింది; మొదట 0.5, 0.4 మాత్రమే తీసి, తీగలు బిగించి ఒక రాత్రి ఉంచి, మిగతాది మర్నాడు తీశాం. పాత ప్లాస్టిక్ శాడిల్‌ను ఏమీ ముట్టుకోకుండా దాచాం. వానాకాలం పోయాక టాప్ దిగి, ఎండాకాలంలో తీగలు గలగలమంటే దాన్నే మళ్లీ వేసుకోవచ్చు. చివరి కొలత 2.4, 1.9.

కేసులో 49 శాతం దగ్గర తేమను నిలబెట్టే రెండువైపుల పొట్లాలు (తేమ ఎక్కువైతే పీల్చి, తక్కువైతే వదిలేవి) సౌండ్‌హోల్‌లో రెండు, హెడ్‌స్టాక్ కింద ఒకటి. విశాఖలో ఇవి తేమ పీల్చి త్వరగా ఉబ్బిపోతాయి, అదే అనంతపురం ఎండలకైతే ఎండి గట్టిపడతాయి. రెండుచోట్లా అవే పొట్లాలు, మార్చాల్సిన కారణాలే వేరు. కారులో మాత్రం ఎండకు వదలకూడదు. మే నెలలో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు, ఆ వేడికి పసుపు జిగురు మెత్తబడుతుంది, 70 కిలోల లాగుడు పనిలోనే ఉంటుంది. ఈ గిటార్‌లో మూడు అతుకులూ అదే జిగురుతో ఉన్నాయి.

హెడ్‌స్టాక్ మీద టేపు చుక్కలు తీయలేదు. తర్వాతి కొలత జనవరిలో, గాలి పొడిబారాక: స్కేలు కొస, యాక్షన్, వంపు, చుక్కల దూరం. 20.05 కాస్తా 20.15 అయితే తీగలు వదులు చేసి బిల్లు తీసుకుని షాపుకు వెళ్లాలి.